చద్ది బ్రెడ్డు

మొదటిసారి సావర్‌డో బ్రెడ్డు, అంటే సహజంగా పులిసిన పిండితో కాల్చిన గట్టి పెంకు బ్రెడ్డు, ఇంటికి తెచ్చిన రోజున అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, పుచ్చకాయని తట్టినట్టు వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది. "ఎంతరా ఇది?" అంది. మూడొందల నలభై అన్నాను. "రాయికి అంతెందుకురా?" అని కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు రాయి. (బ్రెడ్డు లోపల కాలిందో లేదో తెలుసుకోవడానికి చేయి తిరిగినవాళ్ళు కూడా అడుగున అలాగే తట్టి చూస్తారట, బోలుగా మోగాలట. అమ్మకి ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఇంకా పెద్ద మాట వస్తుంది.)

మేముండేది నల్లకుంటలో. ఆఫీసు మాదాపూర్ వైపు. శుక్రవారం సాయంత్రం వచ్చేటప్పుడు దారిలో ఒక బేకరీ దగ్గర ఆగి, పైన గోధుమరంగు పెంకు కట్టి, కోస్తే కరకరమని పొడి రాలే సావర్‌డో లోఫ్ ఒకటి కొనడం నాకు అలవాటైంది. మెత్తటి పాల బ్రెడ్డు మీద నాకేమీ కోపం లేదు, జ్వరం వస్తే ఇప్పటికీ పాలల్లో ముంచుకు తినేది దాన్నే. కానీ నమలడానికి పని పెట్టే బ్రెడ్డు రుచి ఒకసారి తగులుకున్నాక వదలదు.

పోయిన జూన్‌లో మా ఆవిడ ఒక పని చేసింది. వంటింటి త్రాసు పక్కన ఒక కాగితం పెట్టి, ఎండిపోయిందనో బూజు పట్టిందనో పారేసే ప్రతి ముక్కనీ తూచి రాసింది. నాకు చెప్పకుండా. నెలాఖరున ఆ కాగితం నా కాఫీ పక్కన కనబడింది. నాలుగు లోఫులు, ఒక్కోటి 650 గ్రాములు, మొత్తం 1,360 రూపాయలు. పారేసింది 880 గ్రాములు. అంటే మూడో వంతు. 460 రూపాయలు చెత్తబుట్టకి పెట్టాం. కిలో 520 అనుకుని కొన్న బ్రెడ్డు, తిన్నంత వరకూ లెక్కేస్తే కిలో దాదాపు ఎనిమిది వందలు పడింది. ఆ కాగితం కింద ఆవిడ ఇంకేమీ రాయలేదు. రాయాల్సిన అవసరమూ లేదు.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: చవగ్గా దొరికే చోట కొను. నేనూ అదే మొదలుపెట్టాను. రాత్రి ఎనిమిదిన్నర దాటాక కొన్ని బేకరీల్లో మిగిలిన లోఫులు సగం ధరకి ఇస్తారు, కాకపోతే అడగాలి. మొదటి రెండుసార్లు అడగడానికి సిగ్గేసింది, మూడోసారి నుంచి వాళ్ళే పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ధర తగ్గింది. పారేసేది తగ్గలేదు. పైగా పెరిగింది, ఎందుకంటే సగం ధర కదా అని రెండు తెచ్చేవాణ్ణి. అప్పుడు వెలిగింది నాకు. ఈ బ్రెడ్డు మీద డబ్బు పోయేది కొన్న రోజున కాదు, మర్నాడు. మనం బ్రెడ్డులో మొదటి రోజుని మాత్రమే తింటున్నాం. మిగతా మూడు రోజులకీ డబ్బు కట్టి, వాటిని ఎలా తినాలో నేర్చుకోకుండా పారేస్తున్నాం.

అన్నం విషయంలో మనం ఇంత దద్దమ్మలం కాదు. రాత్రి మిగిలిన అన్నానికి తెలుగులో ఒక హోదా ఉంది: చద్ది. పాచిపోయింది వేరు, చద్ది వేరు. పాచిపోయినదాన్ని పారేస్తాం. చద్దిని మజ్జిగలో కలుపుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటాం. పెద్దల మాట చద్దిమూట అన్నారంటే దానికి ఎంత పరువుందో చూడండి. మిగిలిన ఇడ్లీలు పొద్దున్నే ఉప్మా అవుతాయి. మిగిలిన చపాతీలు ముక్కలై తాలింపులో పడతాయి. బ్రెడ్డు మన ఇళ్ళల్లోకి వచ్చి ఇన్నేళ్ళయినా దానికి మాత్రం ఆ హోదా దక్కలేదు. గట్టిపడితే చాలు, "పోయింది" అంటాం. నిజానికి పోలేదు, చద్దయింది అంతే.

ఇదేదో మాటల గారడీ అనుకోకండి. అన్నం చద్దవడం, బ్రెడ్డు గట్టిపడటం లోపల జరిగే రసాయనంలో ఒకటే సంగతి. బియ్యంలోనూ గోధుమలోనూ ఉండేది పిండిపదార్థం. నీళ్ళతో కలిసి వేడెక్కినప్పుడు దాని అణువుల వరసలు విడిపోయి, నీళ్ళు పీల్చి ఉబ్బి మెత్తబడతాయి. చల్లారాక అవే అణువులు, ముఖ్యంగా అమైలోపెక్టిన్ అనేది, మెల్లగా మళ్ళీ ఒద్దికగా వరసలు కడతాయి. అన్నం బిరుసెక్కి పలుకు పలుకుగా విడిపోయేది అందుకే. నిన్నటి అన్నంతో పులిహోర ముద్ద కాకుండా రావడమూ అందుకే. బ్రెడ్డు గట్టిపడేదీ అందుకే. తడి ఆరిపోయి గట్టిపడుతుందని మనం అనుకుంటాం. బూసాంగో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1852లోనే ఆ అపోహ తీర్చేశాడు. గాలి చొరకుండా మూసిపెట్టి, ఒక్క చుక్క తడి పోకుండా చూసినా బ్రెడ్డు గట్టిపడిందని చూపించాడు. మళ్ళీ 60 డిగ్రీల దాకా వేడి చేస్తే మెత్తబడిందనీ చూపించాడు. చద్దన్నాన్ని ఆవిరి మీద పెడితే మళ్ళీ వేడన్నంలా అవడం మన అమ్మలకి ఏ శాస్త్రవేత్తా చెప్పక్కర్లేదనుకోండి.

ఇక్కడే నేను రెండేళ్ళు చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. బ్రెడ్డుని భద్రంగా ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. పిండిపదార్థం అత్యంత వేగంగా వరసకట్టేది సరిగ్గా ఫ్రిజ్ చలిలోనే, నాలుగు డిగ్రీల దగ్గర. బయట రెండు రోజుల్లో గట్టిపడేది అందులో ఒక్క రాత్రికే గట్టిపడుతుంది. ఫ్రిజ్ బూజుని ఆపుతుంది నిజమే, కానీ బ్రెడ్డుని ముసలిదాన్ని చేసేస్తుంది. ఫ్రీజర్ సంగతి వేరు. అక్కడ నీళ్ళు గడ్డకట్టి అణువులకి కదలిక ఉండదు కాబట్టి వయసు దాదాపు ఆగిపోతుంది. అంటే మధ్య గదిలో పెడితే నష్టం, పై గదిలో పెడితే లాభం. ఒకే పెట్టెలో రెండు న్యాయాలు.

హైదరాబాద్ వాతావరణం ఇంకో చిక్కు తెస్తుంది. మేలో నలభై దాటిన ఎండకి, ఆ పొడిగాలికి, కోసిన లోఫ్ సాయంత్రానికల్లా ఇటుకే. జూలైలో ముసురు పట్టిందంటే తిరకాసు రెండో వైపు నుంచి వస్తుంది. బయటి చెమ్మ, లోపలి తడి రెండూ పెంకులోకి చేరి, కరకరలాడాల్సింది తోలులా సాగుతుంది, మూడో రోజుకి ఆకుపచ్చ చుక్కలు మొదలవుతాయి. కాబట్టి ఒకే పద్ధతి ఏడాది పొడుగునా నడవదు. మా ఇంట్లో ఎండాకాలం లోఫ్ కోసిన వైపుని చెక్కమీద బోర్లించి, పైన మందపాటి బట్ట కప్పుతాం. వానాకాలం ఆ బాధే లేదు: తెచ్చిన రాత్రే సగం ముక్కలు కోసి ఫ్రీజర్‌లోకి, మిగతా సగం రెండు రోజుల్లో పొట్టలోకి. బూజు కనబడితే మాత్రం ఆ ముక్కకి క్షమాభిక్ష లేదు. పైన కనబడిన చుక్క గీకేసి తినడం మా నానమ్మ కాలం నాటి పొదుపు. బ్రెడ్డులాంటి బోలు బోలుగా ఉండే పదార్థంలో బూజు దారాలు కంటికి కనబడకుండా లోపలికి పాకుతాయి.

ఇక గట్టిపడినదాన్ని లేపడం. ఓవెన్ ఉంటే సరే, లేకపోయినా పర్వాలేదు. పెద్ద ముక్క అయితే కుళాయి కింద పైపెంకు మాత్రం తడిసేలా ఒక్క క్షణం తిప్పి, 190 డిగ్రీల్లో ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఆ తడి ఆవిరై లోపలికి వెళ్ళి మెత్తన చేస్తుంది, పైన పెంకు మళ్ళీ ఎండి కరకరలాడుతుంది. ఓవెన్ లేకపోతే ముక్కల మీద చేత్తో నీళ్ళు చిలకరించి, మందపాటి ఇనప్పెనం మీద మూతపెట్టి సన్నసెగన మూడు నాలుగు నిమిషాలు, తర్వాత మూత తీసి ఇంకో నిమిషం. ఫ్రీజర్ ముక్కలకైతే నీళ్ళు కూడా అక్కర్లేదు, నేరుగా పెనం మీదే. ఒక్కటే షరతు, వేడి మీదే తినేయాలి. చల్లారాక మునుపటికంటే మొండిగా తయారవుతుంది.

ఇంత అవస్థ ఎందుకు, ఇంట్లోనే కాల్చుకోవచ్చు కదా అంటారు. కాల్చాను. లెక్క చెబుతాను. అరకిలో మైదా, చిటికెడు ఈస్టు, ఉప్పు, ఓటీజీకి, అంటే చిన్న కరెంటు ఓవెన్‌కి, రెండు యూనిట్ల కరెంటు, అంతా కలిపి యాభై రూపాయలు దాటదు. 340 ఎక్కడ, 50 ఎక్కడ! ఆ లెక్క చూసుకుని తొమ్మిది వేలు పెట్టి ఓటీజీ కొన్నాను. ముప్ఫై లోఫులు కాలిస్తే దాని ఖరీదు తీరిపోవాలి. ఎనిమిది నెలల్లో తొమ్మిది కాల్చాను. వాటిలో నాలుగు నిజంగానే రాళ్ళు.

నేను పట్టుకున్నది పిండి పిసకాల్సిన పనిలేని పద్ధతి. న్యూయార్క్‌లో బేకరీ నడిపే జిమ్ లేహీది. 2006లో అక్కడి పత్రికలో వచ్చాక ప్రపంచమంతా పాకింది. మూడు కప్పుల మైదా, పావు టీస్పూను ఈస్టు, ఉప్పు, కప్పున్నర నీళ్ళు. కలిపి పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు వదిలేయడం. తర్వాత బాగా కాగిన, మూత ఉన్న బరువైన గిన్నెలో వేసి 230 డిగ్రీల్లో కాల్చడం. ఆ మూత కింద పిండిలోని తడే ఆవిరై, పైపొరని కొంతసేపు తడిగా ఉంచి, చివర్లో మూత తీసినప్పుడు పగుళ్ళిచ్చే పెంకుగా మారుస్తుంది. అంతా బావుంది కానీ ఆ పద్దెనిమిది గంటలు ఇరవై ఒక్క డిగ్రీల వంటింటికి రాసినవి. మా వంటింట్లో మే నెల ముప్ఫై ఆరు. రాత్రి కలిపి పడుకుని పొద్దున్న లేచి చూస్తే పిండి పొంగి, అలిసి, కుంగిపోయి ఉంది. మూత తీస్తే కల్లు కుండ దగ్గర నిలబడ్డట్టు వాసన. అలాగే కాల్చాను. వచ్చినదాన్ని చూసి అమ్మ, "దిబ్బరొట్టె కావాలంటే నన్నడగొచ్చుగా" అంది.

ఆ మాటకి కోపం వచ్చింది కానీ తర్వాత ఆలోచిస్తే అందులో చాలా ఉంది. దిబ్బరొట్టె అంటే ఏమిటి? మందపాటి గిన్నెలో పిండి పోసి, మూతపెట్టి, సన్నసెగన ముప్పావు గంట వదిలేయడం. అడుగున ఎర్రగా కరకరలాడే పెంకు, లోపల మెత్తన. లేహీ గిన్నెకీ అమ్మ గిన్నెకీ ఉన్న తేడా ఓవెనే. ఎండాకాలం బ్రెడ్డు పిండిని ఎలా లొంగదీయాలో చెప్పింది కూడా అమ్మే: "ఇడ్లీ పిండి ఎండాకాలం ఎంతసేపు బయట పెడతాంరా?" అప్పట్నుంచి మేలో ఐసు నీళ్ళతో కలిపి, రెండు గంటలు బయట ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ఇప్పుడు బాగానే వస్తోంది. కానీ నా లెక్క మారలేదు. ఇంట్లో కాల్చిన లోఫ్ కూడా మర్నాడు గట్టిపడుతుంది. కొన్నదాని కంటే త్వరగానే. యాభై రూపాయలదే కదా అని ఇంకా తేలిగ్గా పారేస్తాం.

నిజానికి పెంకు ఉన్న రొట్టె హైదరాబాద్‌కి సావర్‌డోతో రాలేదు. పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851లో మొదలైందని చెబుతారు. అక్కడి చార్‌కోనీ నాన్ నలుచదరంగా, మూలలు గట్టిగా, నడుమ మెత్తగా ఉంటుంది. తందూరు గోడకి అంటించి కాల్చి ఇనప చువ్వతో లాగుతారు. పొద్దున్నే నహారీ అనే మాంసం పులుసులో ముంచుకు తినడానికి కొంటారు. నా ఒక్క లోఫ్ డబ్బుతో ఇంటిల్లిపాదీ ఎన్నో పూటలు తినేటన్ని వస్తాయి. సాయంత్రానికి అదీ చెక్కే అవుతుంది, నిజమే. కానీ దాన్ని కొనేవాళ్ళు ఎవరూ ఫ్రిజ్‌లో దాచుకోవడానికి కొనరు. ఈ పూటకి ఎంత కావాలో అంతే. ఇది మా ఇంట్లో నేర్చుకోవాల్సిన రెండో పాఠం, ఇంకా నేర్చుకోలేదు.

పాత బ్రెడ్డు అనగానే హైదరాబాదీ ఎవరైనా డబల్ కా మీఠా పేరు చెబుతారు. నేనూ దాన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మేము మలక్‌పేటలో అద్దెకున్నప్పుడు పక్కింటి ఆపా రంజాన్ నెలలో బ్రెడ్డు కొని, ముక్కలు కోసి, తడిబట్టలు ఆరేసినట్టు మంచం మీద పరిచి ఆరబెట్టేది. ఎందుకని అడిగితే, "తాజీ డబల్‌రోటీ ఘీ పీ జాతీ బేటా" అనేది. తాజా బ్రెడ్డు నెయ్యి తాగేస్తుందని. ఆరిన ముక్క తక్కువ నెయ్యితో ఎర్రగా వేగుతుంది, పాకంలో పడ్డా చితికిపోకుండా నిలబడుతుంది. ఆ జ్ఞాపకంతో నేను ఒక ఆదివారం ఎండిన సావర్‌డో ముక్కలు ఆరింటితో డబల్ కా మీఠా చేశాను. పాలు లీటరు మరిగించి, నెయ్యి, పంచదార, యాలకులు, కుంకుమపువ్వు, జీడిపప్పు, బాదం. పెంకు దగ్గర కాస్త మొండికేసింది కానీ ఆ పులుపు తీపిలో భలే కుదిరింది.

అంతా తిన్నాక మా అమ్మాయి, ఎనిమిదో తరగతి, లెక్కలంటే ఇష్టం, కాగితం తీసింది. ఆరు ముక్కల బ్రెడ్డు విలువ 120 రూపాయలు. దాన్ని కాపాడటానికి నేను పెట్టిన ఖర్చు 310. "నాన్నా, పారేస్తే 190 మిగిలేవి" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే మిగిలిన బ్రెడ్డు వంటల జాబితాలంటే ఇప్పుడు నాకు అనుమానం. చీజ్ వేసి, క్రీమ్ పోసి, నాలుగు గుడ్లు కొట్టి చేసేవన్నీ విందులే, పొదుపు కాదు. విందు చేసుకోండి, ఎవరు వద్దన్నారు? పొదుపు అని పేరు పెట్టకండి, అంతే. మిగిలినదాన్ని వాడటమంటే ఆ పూట ఎలాగూ వండబోయే వంటలోకి దాన్ని తోసేయడం. చద్దన్నం కోసం ఎవరూ ప్రత్యేకంగా పాలు కొనరు. ఇంట్లో ఉన్న మజ్జిగే పోస్తారు.

ఆ లెక్కన మా ఇంట్లో నిలబడినవి రెండే. ఒకటి ఉప్మా. గట్టి ముక్కల్ని వేలెడంత ముక్కలుగా విరిచి, పలచటి మజ్జిగ చిలకరించి పది నిమిషాలు పక్కన పెడతాం. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, ఇంతే. సావర్‌డోలో పులుపు దానికదే ఉంటుంది కాబట్టి నిమ్మకాయ అక్కర్లేదు. పాల బ్రెడ్డుతో చేసే ఉప్మా తియ్యగా, ముద్దగా ఉండి నాకు ఎప్పుడూ నచ్చలేదు. దీనికి మాత్రం పులిహోర పోలిక వస్తుంది. "మూడొందల బ్రెడ్డుతో ఉప్మానా" అని మొదట్లో మా ఆవిడ నవ్వింది. బ్రెడ్డు డబ్బు శుక్రవారమే పోయింది. సోమవారం పొద్దున్న మిగిలేది రవ్వ డబ్బే. అదీ ఎంతో కాదు, ఇరవై రూపాయలు. నేను పెద్ద మొత్తాలు ఆదా చేస్తున్నానని ఎక్కడా అనడం లేదు.

రెండోది చారు. ఇటలీలో టస్కనీ వాళ్ళు పాత రొట్టెని టమాటాలు, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో ఉడికించి పప్పా అల్ పొమొడోరో అని తింటారు. ఫ్రాన్స్‌లో పాలూ గుడ్లలో నానబెట్టి వేయించినదాన్ని పాఁ పెర్‌ద్యు అంటారు. పోయిన రొట్టె అని అర్థం. రొట్టె తినే దేశాల్లో కూడా ఇది పేదింటి తెలివే అన్నమాట. మా ఇంట్లో రోజూ టమాటా చారు ఉంటుంది. రసం గారెలు మనకి తెలిసిన సంగతే కదా. గారె బదులు పెనం మీద కాల్చిన ఎండు ముక్క గిన్నెలో వేసి, పైన మరిగే చారు పోసి, రెండు నిమిషాలు ఆగడం. పెంకు పూర్తిగా నానదు, పంటికి తగులుతుంది. లోపలిది చారంతా పీల్చుకుంటుంది. మిరియాల ఘాటుకి ఆ బ్రెడ్డు కాలిన వాసన తోడవుతుంది. వానాకాలం రాత్రి ఇంతకంటే నాకేమీ అక్కర్లేదు. ఇంకా మిగిలిన పొడి, తుక్కు మిక్సీలో వేస్తే కట్లెట్లకీ, కబాబుల్లో పట్టు కోసమూ పనికొస్తుంది, దాని గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు.

సెప్టెంబరులో మా ఆవిడ మళ్ళీ కాగితం పెట్టింది. ఈసారి నాకు చెప్పే పెట్టింది. మూడు లోఫులే కొన్నాం, సగం ధరకి ఒకటి. పారేసింది 70 గ్రాములు, అదీ నేను ఊరెళ్ళినప్పుడు బూజు పట్టిన చివరి ముక్క. నెల ఖర్చు 850. జూన్ 1,360 పక్కన పెట్టి చూస్తే ఐదొందల పది రూపాయల తేడా.

పోయిన శుక్రవారం ఆఫీసులో ఆలస్యమై బేకరీ దగ్గర ఆగలేదు. రాత్రి భోజనాలప్పుడు అమ్మ చారు గిన్నె దించి, గోడకి వేలాడే బట్ట సంచీని తడిమి చూసింది. ఖాళీగా ఉంది.

"ఏరా, ఈ వారం రాయి తేలేదా?" అంది.